కలిసిందెంత, కరిగిందెంత: నిమ్మతోట రాగిమందు మీద ప్రాజెక్టు డైరీ

నవంబరు 4

పొదలకూరు వైపు ఒక నిమ్మతోటలో ఈ రోజు పని మొదలైంది. తోట మా డిగ్రీ చివరి సంవత్సరం అమ్మాయి వాళ్ల తాతగారిది. వానలు పట్టుకునేసరికి ఆకులకు, కాయలకు గజ్జి తెగులు తగిలింది. 200 లీటర్ల డ్రమ్ములో 600 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పోసి, వేపకర్రతో గిరగిరా తిప్పి, తైవాన్ స్ప్రేయరు పైపును అందులోకి వదిలారు. లీటరుకు 3 గ్రాములు, అందరూ వాడే మోతాదే.

ఆ నీళ్లు ఒక గాజు గ్లాసులో పట్టి గట్టు మీద పెట్టాను. మొదట చిలకాకుపచ్చగా, చిక్కగా ఉన్నాయి. రెండు వరసల చెట్లకు మందు కొట్టి వచ్చేలోపు గ్లాసు పైభాగం తేటపడింది, అడుగున పచ్చటి మడ్డి దిగింది.

"కరిగే మందే కదా సార్, మరి ఇట్లా దిగిందేమిటి?" అన్నారు తాతగారు.

డబ్బా తిప్పి చూస్తే నీటిలో తడిసే పొడి అని ఉంది. కరగడం వేరు, కలవడం వేరు. పంచదార కరుగుతుంది, పసుపు కలుస్తుంది. ఈ మందు పసుపు జాతిది. పీహెచ్ 6.6 ఉన్న లీటరు నీటిలో ఇది కరిగేది 1.19 మిల్లీగ్రాములని పట్టికల్లో ఉంటుంది. కరగనిది చెరువులో పడితే బురదలో ఒక మూల పడి ఉంటుంది, చేపతో దానికేం పని అనేది ఒక వాదన. ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో కొలిచి చూడాలన్నదే ఈ ప్రాజెక్టు. నాతో ఇద్దరు విద్యార్థులు: ఈ అమ్మాయి, ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక కుర్రాడు.

నవంబరు 7

పద్ధతి మేం కనిపెట్టనక్కరలేదు. కరగని లోహ సమ్మేళనాల కోసం ఓఈసీడీ అనే దేశాల కూటమి 2001లోనే 29వ నంబరు మార్గదర్శకం వేసింది. రసాయనాల ముప్పును వర్గీకరించే ఐక్యరాజ్యసమితి పుస్తకంలో పదో అనుబంధం కూడా అదే. సేంద్రియ మందు అయితే ఎన్ని రోజుల్లో విరిగిపోతుందని అడుగుతారు. రాగికి ఆ ప్రశ్న వర్తించదు, అది మూలకం, విరగదు, కుళ్లదు. అందుకని ప్రశ్నను తిప్పి అడగాలి: ఈ పొడిని ఏ లవణం ఎంత ఉందో తెలిసిన నీటిలో వేసి కదుపుతూ ఉంటే, ఏడు రోజుల్లో ఎంత లోహం అయానుగా బయటికి వస్తుంది?

లీటరుకు 1, 10, 100 మిల్లీగ్రాముల చొప్పున మూడు మోతాదులు. నిమిషానికి 100 చుట్లు తిరిగే షేకరు. రెండు గంటలకు, ఆరు గంటలకు, ఒకటో రోజు, నాలుగో రోజు, ఏడో రోజు కొంచెం నీరు తీసి, 0.2 మైక్రాన్ల పొరలో వడకట్టి, నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి దాచాలి. ఏడో రోజు అంకెను, బాగా కరిగే రాగి లవణం ఒక నీటి జీవిని ఏ మోతాదులో చంపుతుందో ఆ అంకె పక్కన పెట్టి చూడాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము వేసినప్పుడే వచ్చిన రాగి ఆ హద్దును దాటితే, ఆ పదార్థం నీటి జీవులకు మొదటి వర్గం ముప్పు, అంటే అన్నిటికన్నా తీవ్రమైనది.

వినడానికి సులువుగానే ఉంది.

నవంబరు 12

దుకాణంలో దొరికే డబ్బా మందును పరీక్షకు వాడకూడదని నిర్ణయించాం. పొడి నీటిలో విడిపోవడానికి అందులో వేరే పదార్థాలు కలుపుతారు. అవి రాగిని ఎంత ప్రభావితం చేశాయో విడదీయలేం. మేమే తయారు చేసుకుంటే సరి: కాపర్ క్లోరైడ్ ద్రావణంలోకి కాస్టిక్ సోడాను నెమ్మదిగా దించితే కాపర్ ఆక్సీక్లోరైడ్ పడుతుంది. 17 గ్రాముల కాపర్ క్లోరైడుకు 6 గ్రాముల కాస్టిక్ సోడా. రెండు రాగి పరమాణువులకు మూడు హైడ్రాక్సైడ్లు, అంతకు మించకూడదు.

కుర్రాడు 8 గ్రాములు తూచాడు. నేను పక్కనే ఉన్నాను, నేనూ చూసుకోలేదు. బీకరులో పచ్చటి పొడికి బదులు నీలం జున్నులాంటిది పడింది. రంగు చూసి కూడా, ఎండితే మారుతుందిలే అని ఓవెన్‌లో పెట్టాం. మారింది. మధ్యాహ్నం తలుపు తీస్తే పళ్లెం నిండా మాడిన కాఫీ పొడిలా నల్లటి కాపర్ ఆక్సైడ్. సోడా ఎక్కువైతే వచ్చేది కాపర్ హైడ్రాక్సైడ్, వేడి తగిలితే అది నీళ్లు వదిలి నల్లబడిపోతుంది. ఇది మేం రెండో సంవత్సరంలో చెప్పే పాఠమే.

సాయంత్రం రెండోసారి 6 గ్రాములతో చేశాం. లేత పచ్చటి మెత్తటి పొడి వచ్చింది. లెక్క ప్రకారం ఇందులో రాగి 59.5 శాతం.

నవంబరు 17

ఈ రోజు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియక నా మీదే.

రంగు పరీక్ష పెట్టుకున్నాం. రాగిని ఒకటో వేలెన్సీకి దించి, రాగితో రంగు ఇచ్చే నియోకుప్రాయిన్ అనే రసాయనం కలిపి, క్లోరోఫాంలోకి లాగితే పసుపు రంగు వస్తుంది. దాన్ని 457 నానోమీటర్ల దగ్గర చదువుతాం. ముందుగా ఏమీ కలపని ఉత్త స్వేదనజలంతో ఒక గొట్టం చేశాం, అందులో సున్నా రావాలి. పసుపు వచ్చింది. కడిగి మళ్లీ చేశాం, మళ్లీ పసుపే. గాజుసామాను పది శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి చేసినా పసుపు తగ్గలేదు.

చివరికి అమ్మాయే లేచి, నీళ్లు మరిగించే యంత్రం మూత తీసి చూసింది. మా కాలేజీ స్వేదన యంత్రం ఎప్పటిదో. లోపలి గొట్టం రాగిది, మీది తగరం పూత అక్కడక్కడా లేచిపోయి ఎర్రగా మెరుస్తోంది. రాగిని కొలవడానికి రాగి చెంబులో నీళ్లు తెచ్చుకున్నామన్న మాట. ఎన్నేళ్లుగా పిల్లలు ఈ నీటితోనే ప్రయోగాలు చేసి మార్కులు తెచ్చుకున్నారో!

పాత గాజు స్వేదన పరికరాన్ని అటక మీద నుంచి దింపాం. గంటకు అర లీటరు కూడా రాదు. మాకు కావలసింది ఇరవై లీటర్లు.

నవంబరు 22

నీళ్లు చుక్కచుక్కగా పడుతుంటే మళ్లీ తోటకు వెళ్లాం. తాతగారు ఈసారి మొదళ్లకు పూయడానికి బోర్డో మిశ్రమం కలుపుతున్నారు. మైలుతుత్తం (నీటిలో బాగా కరిగే కాపర్ సల్ఫేట్) కిలో, సున్నం కిలో, నీళ్లు 100 లీటర్లు. ఫ్రాన్సులో ద్రాక్షతోటల బూజు తెగులుకు మిల్లార్డె 1885లో ప్రకటించిన మందు ఇది. పొదలకూరు చేరేసరికి ఏ శాస్త్రవేత్త పేరూ లేకుండా ఇంటి వంటలా మారిపోయింది.

మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి ధారగా పోశారు. ఆకాశం రంగు వచ్చింది. తర్వాత నడుముకున్న కొడవలి తీసి, పంచె కొసతో తుడిచి, మిశ్రమంలో ముంచి పట్టుకున్నారు. కాసేపటికి పైకెత్తి అలుగును ఎండకేసి తిప్పారు. అంచు వెంట సన్నగా ఎర్రటి చార.

"సున్నం చాలలేదు," అన్నారు. ఇంకో రెండు దోసిళ్ల సున్నం కలిపించి, కొడవలిని ఇసుకతో తోమి మళ్లీ ముంచారు. ఈసారి అలుగు తెల్లగానే వచ్చింది. "ఇప్పుడు పూయొచ్చు. లేకపోతే ఆకు మాడుతుంది."

విడిగా తిరిగే రాగి అయాను ఇనుము మీద లోహంగా పేరుకుంటుంది. సున్నం పట్టుకున్న రాగి పేరుకోదు. అంటే ఆయన కొలుస్తున్నది మొత్తం రాగిని కాదు, స్వేచ్ఛగా ఉన్న రాగిని. మాకు ఇరవై రోజులుగా కుదరని పనిని పంచె కొసతో తేల్చేశారు. అమ్మాయి నా వంక చూసి నవ్వింది. ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేదు.

నవంబరు 28

మొదటి విడత మొదలు. ప్రమాణ నీటిని మేమే కలిపాం: లీటరుకు కాల్షియం క్లోరైడ్ 294 మిల్లీగ్రాములు, సోడియం బైకార్బొనేట్ 64.75, మెగ్నీషియం సల్ఫేట్ 123.25, పొటాషియం క్లోరైడ్ 5.75. పీహెచ్ 8కి దగ్గరగా నిలిచింది. అసలు రాగి ఎక్కువగా కరిగేది ఆమ్లపు నీటిలో. పీహెచ్ 6 దగ్గర కూడా చేస్తేనే పూర్తి చిత్రం వస్తుంది. దానికి కార్బన్ డయాక్సైడ్ కొలతగా కలిపిన గాలి సిలిండరు కావాలి, మా బడ్జెట్ అంత లేదు. ఈ లోటు నివేదిక మొదటి పేజీలోనే రాయాలి.

1 మిల్లీగ్రాము తూచడం ఒక తపస్సు. మా త్రాసు పదో వంతు మిల్లీగ్రాము వరకే చూపిస్తుంది. అందుకని రెండు లీటర్ల ఫ్లాస్కుకు 2 మిల్లీగ్రాములు. ఫ్యాను ఆపాం, కిటికీలు మూశాం. అల్యూమినియం రేకు దోనెలో ఆవగింజంత పొడి. నేను ఊపిరి వదిలితే అంకె మారుతోంది.

ఈ విడతకు 1 మిల్లీగ్రాము మోతాదే. షేకరు మీద తొమ్మిది ఫ్లాస్కులు: ప్రమాణ నీటితో మూడు, ఊరి చెరువు నీటితో మూడు, పొడి వేయని ఉత్త నీళ్లతో రెండు, కనిగిరి నుంచి సహోద్యోగి తెచ్చిన బోరు నీటితో ఒకటి.

డిసెంబరు 1

అల్పపీడనం. రాత్రి పదకొండింటికి కరెంటు పోయి ఉదయం ఆరింటికి వచ్చింది. ఏడు గంటలు షేకరు ఆగింది, పొడి అడుగుకు దిగి గడ్డకట్టింది. పారబోశాం.

డిసెంబరు 8

రెండో విడత. ఈసారి ఇన్వర్టరు పెట్టాం. చలికాలం కావడం మా అదృష్టం. నీటి వేడి 23 డిగ్రీలు దాటకూడదు. నెల్లూరు మే నెలలో ఈ ప్రయోగం తలపెట్టేవాడికి ముందు ఏసీ గది ఉండాలి.

ఖాళీ సమయంలో పిల్లలకు ఒక పొడుపు వేశాను. కృష్ణపట్నం దారిలో మంగంపేట ముగ్గురాయి లారీలు కనిపిస్తుంటాయి కదా, అది బేరియం సల్ఫేట్. లీటరు నీటిలో సుమారు 2.4 మిల్లీగ్రాములు కరుగుతుంది. అంటే పట్టిక ప్రకారం మన రాగిమందు కంటే రెండింతలు ఎక్కువ కరిగేది. ఏది ఎక్కువ ప్రమాదం? కుర్రాడు వెంటనే ముగ్గురాయి అన్నాడు. మరి కడుపు ఎక్స్‌రే తీసేటప్పుడు గ్లాసెడు బేరియం సల్ఫేట్ తాగిస్తారు, ఎవరికీ ఏమీ కాదేం? నీటిలో సల్ఫేటు ఉంటే అది ఇంకా తక్కువ కరుగుతుంది, వచ్చిన ఆ కొద్ది బేరియం చాలా జీవులను కదిలించడానికి చాలదు. రాగి అలా కాదు, నీటి జీవులకు మిల్లీగ్రాములో వందో వంతుల దగ్గరే కథ మొదలవుతుంది. ఎంత కరిగిందనే అంకె ఒక్కటే చూస్తే ఈ రెండింటిలో తప్పుదాన్ని పట్టుకుంటాం.

డిసెంబరు 17

మొయినాల ఫలితం వచ్చింది. రంగుచేపలకు మేతగా పెంచే సన్నటి జీవులివి. పెద్దది కూడా ఇంచుమించు మిల్లీమీటరే. దీపం కాంతికి అడ్డంగా గ్లాసు పట్టుకుంటే తెల్లటి చుక్కలు ఉలిక్కిపడుతున్నట్టు గెంతుతూ కనిపిస్తాయి. ఒక రోజు లోపు పిల్లలనే తీసుకోవాలి. ఒక్కో నీటికి ఇరవై, ఐదేసి చొప్పున నాలుగు గ్లాసుల్లో. 48 గంటల తర్వాత గ్లాసును మెల్లగా కదిపి, పదిహేను సెకన్లలో ఈదనిదాన్ని లెక్కపెట్టాలి.

ముందుగా మైలుతుత్తంతో హద్దు తేల్చుకున్నాం. ప్రమాణ నీటిలో లీటరుకు 20 మైక్రోగ్రాముల రాగి దగ్గర ఎక్కువ భాగం ఈదుతున్నాయి, 40 దగ్గర ఎక్కువ భాగం ఆగిపోయాయి. సగం ఆగే చోటు ఈ మధ్యలో ఉంది.

ఆ తర్వాత ఏడో రోజు వడకట్టిన నీళ్లు. ఉత్త ప్రమాణ నీటిలో ఒకటి ఆగింది. రాగిమందు కదిలిన ప్రమాణ నీటిలో ఇరవైకి ఇరవై ఆగిపోయాయి, అడుగున నలకల్లా పడి ఉన్నాయి. చెరువు నీటిలో ఇరవైలో మూడే ఆగాయి. కనిగిరి బోరు నీటిలో మందు వేయకముందే మొయినాలు తూలుతున్నాయి, ఆ నీటి ఉప్పదనం వాటికి పడలేదు. దాన్ని లెక్కలోంచి తీసేశాం.

అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "మా చెరువులో రాగి తక్కువ కరిగింది సార్!"

నేనూ అదే అనుకున్నాను.

డిసెంబరు 29

వడకట్టిన నీళ్లు పంపిన చెన్నై ప్రయోగశాల నుంచి మొన్న రాగి అంకెలు వచ్చాయి. ఏడో రోజు ప్రమాణ నీటిలో సగటున లీటరుకు 90 మైక్రోగ్రాములు, చెరువు నీటిలో 170. మా పసుపు రంగు పరీక్ష కూడా ఇంచుమించు ఇదే చెప్పింది.

అంటే చెరువు నీటిలో రాగి తక్కువ కాదు, దాదాపు రెట్టింపు కరిగింది. అయినా మొయినాలు బతికాయి.

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక కొడవలి గుర్తొచ్చింది. చెరువులో కుళ్లిన ఆకు, తుంగ, పశువుల పేడ, ఇవన్నీ నీటిని లేత టీ రంగులోకి మార్చే సేంద్రియ పదార్థాన్ని వదులుతాయి. అది రాగిని చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. పట్టుకుంటుంది కనుకనే పొడి నుంచి ఇంకా ఇంకా రాగిని లాగుతుంది. అలా చిక్కిన రాగి 0.2 మైక్రాన్ల పొర దాటి వచ్చేస్తుంది, యంత్రం దాన్ని కరిగిన రాగిగానే లెక్కిస్తుంది. కానీ జీవి మొప్పల మీద కూర్చునేది ముఖ్యంగా విడి అయాను. రాగి విషాన్ని అంచనా వేసేటప్పుడు నీటి కాఠిన్యం, పీహెచ్, సేంద్రియ కర్బనం కలిపి చూడాలనే పద్ధతిని అమెరికా పర్యావరణ సంస్థ 2007లో మంచినీటి ప్రమాణంలోకి తెచ్చింది కూడా ఇందుకే. కలిసినదంతా కరిగినది కానట్టే, కరిగినదంతా కాటు వేసేది కాదు.

దీన్ని పట్టుకుని రాగిమందు చెరువుకు హాని చేయదని రాస్తే అది అబద్ధం. వర్గీకరణకు కావాలనే సేంద్రియ పదార్థం లేని నీరు వాడతారు. పదార్థం సహజ గుణం ఏమిటో తేలాలి, ఏ ఊరి నీరు కాపాడిందో కాదు. ఆ కొలతలో మా అంకె స్పష్టంగా ఉంది: లీటరుకు 1 మిల్లీగ్రాము వేస్తే 90 మైక్రోగ్రాములు వచ్చింది, హద్దు 20, 40ల మధ్య. మొదటి వర్గమే. కరగని మందు అన్న మాటకు ఇక్కడ విలువ లేదు.

ఒక పక్కమాట. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణం రాగిని 0.05 మిల్లీగ్రాముల దాకా కోరదగినదిగా, వేరే నీరు లేకపోతే 1.5 దాకా అనుమతిస్తుంది. మా మొయినాలను మొత్తం ఆపేసిన నీరు, రాగి వరకే చూస్తే, వేరే నీరు లేనప్పుడు మనిషి తాగడానికి అనుమతి ఉన్నదే. డబ్బా మీది త్రికోణం రంగు కూడా ఎలుకల వంటి జంతువులకు ప్రాణాంతకమైన మోతాదును బట్టి వేసేదే. ఆ రంగు చూసి గుంటలో చేపల సంగతి ఊహించలేం.

జనవరి 5

తోటలో లెక్కలు వేశాం. ఎకరాకు 500 లీటర్ల పిచికారీ, అంటే కిలోన్నర మందు. డబ్బా మందులో రాగి సగం, కనుక సుమారు 750 గ్రాములు. ఇందులో వంద గ్రాములకు రెండు గ్రాములు వానకు కొట్టుకుపోయిందనుకుందాం, 15 గ్రాములు. ఎకరం వైశాల్యం, మీటరు లోతు ఉన్న చెరువులో దాదాపు 40 లక్షల లీటర్లు పడతాయి. అందులో ఈ 15 గ్రాములూ కలిసినా లీటరుకు నాలుగు మైక్రోగ్రాములు రాదు. చెరువు కోసం ఇంత ఆందోళన పడ్డామా అనిపించింది.

అప్పుడు కుర్రాడు డ్రమ్ము కడిగే చోటు చూపించాడు. మోటారు షెడ్డు వెనక చిన్న గుంట, మూడు మీటర్లు, నాలుగు మీటర్లు, మోకాలి లోతు. ఆరు వేల లీటర్లనుకోవచ్చు. డ్రమ్ము అడుగున మిగిలే ఐదు లీటర్లు అందులోకే పోతాయి. 3 గ్రాముల చొప్పున వేసుకున్నా 15 గ్రాముల పొడి, లీటరుకు 2.5 మిల్లీగ్రాములు. పైగా అడుగు నీళ్లు కదా, మడ్డి అంతా అక్కడే ఉంటుంది, నిజానికి ఇంకా ఎక్కువే. ఆ గుంటలో ఉండేది వాన నీరు, మెత్తటిది, కొద్దిగా పులుపు, ఆకు కుళ్లు తక్కువ. రాగిని పట్టుకునేది ఏదీ లేదు. నిండితే పిల్లకాలువ గుండా చెరువు కలుజు వైపు పోతుంది.

నవంబరులోనే ఆ గుంట నీరు సీసాలో పట్టి ఉండాల్సింది. ఇప్పుడు ఎండిపోయి, నెర్రెల్లో పచ్చటి పొర మాత్రం ఉంది. మట్టి రెండు చోట్ల గీకి తెచ్చాం.

అడుగు నీళ్లను మళ్లీ పలచగా చేసి ఆఖరి వరస చెట్ల మీదే కొట్టేయవచ్చా అని తాతగారిని అడిగాను. "కొట్టొచ్చు. గింజంత మందు కూడా పారబోయడం నాకూ ఇష్టం లేదు. కానీ సార్, మడ్డి వచ్చిందంటే నాజిలు పట్టేస్తుంది, అది విప్పి తోమేది ఎవరు?" అన్నారు. వడపోతకు పాత నూలు పంచె కట్టి చూస్తామన్నాం. మార్చిలో కొత్త చిగురు మీద మందు కొట్టేటప్పుడు రమ్మన్నారు.

జనవరి 24

దీర్ఘకాలిక పరీక్ష నడుస్తోంది. లీటరుకు 1 మిల్లీగ్రాము, 28 రోజులు. ఆరో తేదీన మొదలుపెట్టాం, ఈ రోజుకు పద్దెనిమిది రోజులు. పండగ సెలవుల్లో కాలేజీలో మేం ముగ్గురం, కాపలాదారు తప్ప ఎవరూ లేరు. భోగి నాడు వంతులవారీగా వచ్చి పీహెచ్ చూసి వెళ్లాం. మూడో ఫ్లాస్కు గోడకు సన్నటి పాచి పొర పట్టింది, వేలితో తాకితే జారుతోంది. అది కూడా రాగిని పట్టుకుంటుంది, కనుక ఆ ఫ్లాస్కు అంకెను విడిగా రాస్తాం.

కాపలాదారుకు ప్రయోగశాల రెండో తాళంచెవి ఇచ్చాం. కరెంటు పోయి వస్తే ఎర్ర బొత్తాం నొక్కి, సమయం గోడ మీది కాగితంలో రాయాలి. నిన్న రాత్రి రెండుసార్లు రాశారు: 1.40, 3.15.